కాకి ముట్టిన రొట్టె

మా వీధి చివరి గ్రీకు హోటల్లో కూర్చుని ఉన్నాను, చచ్చినా గడప తొక్కనన్న హోటల్లో, ఎలా వచ్చానో తెలియదు. నీలం కుర్చీల మధ్య పిల్లలు పరుగులు పెడుతున్నారు, ఎవరిదో పుట్టినరోజు, టేబుళ్ల కింద సముద్రం మెల్లగా కదులుతోంది, అయినా ఎవరి చీర అంచూ తడవడం లేదు. ఎదురుగా నా భార్య పైడితల్లి. పోయి ఏడాది దాటింది. తింటోంది. బతికుండగా నాకంటే ముందు ఒక్కనాడూ తినలేదు.

"ఏటలా చూస్తన్నారు? దిష్టి తగుల్తాది."

"ఈ హోటలు ఎవరిదో తెలుసా నీకు?"

"తెలీకేటి? మా తమ్ముడిది."

తమ్ముడు అప్పలకొండ. గ్రీకు ఓడలో వంటవాడు. అక్క కాష్ఠం చల్లారాక వచ్చాడు. పదో రోజు ఏటి ఒడ్డున వాణ్ణి పిండం దగ్గరికి రానివ్వలేదు నేను. తర్వాత ఓడ మానేసి ఇక్కడే హోటలు పెట్టాడు. రోజూ మొదటి రొట్టె అక్క పేరు చెప్పి గోడ మీద పెడతాడట. వేషాలు. నేను వీధికి అవతలి పక్కన నడుస్తాను.

గోడలు పలచబడి ఆ ఏటి ఒడ్డు అవుతాయి, పళ్లెం అరిటాకు అవుతుంది, కాకులు కొమ్మ మీద వరసగా కూర్చుని మా వైపే చూస్తూ ఎంతసేపటికీ దిగవు, ఆ రోజూ ఇంతే, చివరికి దర్భతో కాకిని చేసి ముట్టించారు. అప్పటినుంచీ గొంతులో ఉన్నది అడుగుతాను.

"ఎందుకు ముట్టలేదు? ఏం తక్కువ చేశాను నీకు?"

"ఉప్పు తక్కువ చేసేరు." నవ్వుతుంది. "తమ్ముడ్ని తుమ్మచెట్టు కాడ నిలబెట్టేసేరు. ఆడలా ఏడస్తంటే నాకు ముద్ద దిగుతాదేటి?"

"సమయానికి రాలేదు వాడు."

"ఓడ నడిసముద్రంలో ఉంటే ఈదుకొస్తాడా? మీకొచ్చేటి ఈత?"

రాదు. 

రొట్టె తుంచి పెరుగుపచ్చడిలో అద్ది నా వైపు చాపుతుంది. "మన దోసకాయ పెరుగుపచ్చడే. పోపెయ్యడం మర్చిపోయేడు ఎదవ. ఎళ్లి చెప్పండి."

"నువ్వే చెప్పు."

"నా మాట ఆడికినబడదు. మీకే ఇనబడతంది."

ముద్ద నా పెదవుల దాకా వస్తుంది, పిల్లలు చప్పట్లు కొడతారు, కాకులన్నీ ఒక్కసారిగా లేస్తాయి.

మెలకువ వచ్చింది. మంచం మీద మధ్యాహ్నపు ఎండ. రెక్కల చప్పుడు మాత్రం ఆగలేదు. కిటికీ అవతల పిట్టగోడ మీద కాకి, కాలి కింద మందపాటి రొట్టె ముక్క, అంచున తెల్లగా పెరుగు. ఈ వీధిలో ఆ రొట్టె కాల్చేవాడు ఒక్కడే.

అదిలించలేదు. పోపు సంగతి వాడికి చెప్పాలి. చొక్కా తొడుక్కుని చెప్పులు వెతుక్కుంటున్నప్పుడు కూడా, కాకి తింటూనే ఉంది.