ఎర్రదాని కడుపు

జీను పట్టీ బిగించబోగానే ఎర్రగుర్రం మూడోసారి కాలు విసిరింది. ఈసారి దెబ్బ గిట్టలక్క మోకాలికి తగిలింది. మేనేజరు కొరడా అందుకుని గుర్రానికి ఎడాపెడా రెండు వడ్డించాడు.

"పొగరు! మేపి మేపి నెత్తికెక్కించుకున్నావు."

"పొగరు కాదయ్యా, నొప్పి" అంది గిట్టలక్క. పదహారేళ్ళుగా ఆ పందెపు గుర్రాలశాలలో గిట్టలు శుభ్రం చేసీ చేసీ ఆమె అసలు పేరే అందరూ మరిచిపోయారు. "పది రోజుల్నించీ చూస్తున్నా. రెండు బుక్కలు దాణా తిని తొట్టి వదిలేస్తోంది. పళ్ళు నూరుతోంది. ఉండుండి కడుపుకేసి తిరిగి చూసుకుంటోంది. ఒంటి మీద నిగారింపంతా పోయింది."

"నువ్వెప్పుడు డాక్టరువయ్యావే?"

అసలు డాక్టరమ్మ పక్క కొట్టంలో మరో గుర్రం కాలు చూస్తోంది. ఈ గొడవ విని తనే వచ్చింది. ఎర్రదాని డొక్క మీద చెయ్యి వేస్తే చర్మం గజగజలాడింది.

"కడుపులోకి కెమెరా గొట్టం వేసి చూస్తేగానీ ఖాయంగా చెప్పలేను. కానీ ఈమె చెప్పినవన్నీ కడుపులో పుండ్ల లక్షణాలే" అంది డాక్టరమ్మ. "తిన్నా తినకపోయినా గుర్రం కడుపులో యాసిడ్ ఊరుతూనే ఉంటుంది. అందుకే అది పొద్దస్తమానం గడ్డి నమలాలి. మీరేమో రెండుపూటలా దాణా పడేసి, ఊరికే నిలబెడుతున్నారు. ఖాళీ కడుపుతో పరిగెత్తిస్తే ఆ యాసిడ్ పైకి చిమ్మి లోపలంతా కాలుస్తుంది. పరుగు ఆపండి."

"ఎల్లుండి పందెం పెట్టుకుని గడ్డి మేపమంటారా? పొట్ట బరువెక్కదూ? నొప్పుల పొడి కలిపేస్తే సరి."

"ఆ పొడితో పుండు ఇంకా ముదురుతుంది."

"మిమ్మల్ని పిలిచింది కాలు చూడ్డానికి. చూశారుగా, ఇక వెళ్ళిరండి."

డాక్టరమ్మ ముఖం మాడిపోయింది. సంచీ సర్దుకుని వెళ్ళిపోయింది.

మేనేజరు గిట్టలక్క వైపు తిరిగాడు. "పస్తులుండి మనుషులు పని చెయ్యట్లా? దీనికే వచ్చిందా నొప్పి? బిగించు."

నిజమే, తెల్లారి గుక్కెడు టీ తాగి వస్తే మధ్యాహ్నం దాకా ఆమె కడుపులోనూ మంటే. అది ఆయనకు తెలుసని ఇన్నాళ్ళూ ఆమె అనుకోలేదు. తెలిసే చేయిస్తున్నాడు.

ఆమె పట్టీ విప్పింది. జీను దింపి ఆయన కాళ్ళ ముందు పెట్టింది.

"నా చేత్తో బిగించను."

"అయితే బయటికి నడు. నీలాంటోళ్ళు గేటు దగ్గర పాతికమంది!"

"పిలుచుకోండి."

మేనేజరు కేకేస్తే అవతలి కొట్టంలోంచి వచ్చినవాడు ఆమె మరిదే.

"నువ్వెయ్యరా!"

మరిది వంగి జీను ఎత్తుకున్నాడు. వదిన ముఖంలోకి చూశాడు. ఎర్రది పళ్ళు నూరుతోంది. అతను గుర్రం వైపు అడుగెయ్యలేదు. జీను కింద పెట్టనూ లేదు.