పాలు పొంగనివ్వని మూత

నేను ఒక మూతను. మూతే కదా అని తీసిపారేయకండి. నాలాంటి మూత అంతకు ముందు రాజమండ్రిలో లేదు. నన్ను చెయ్యడానికి ముగ్గురు మనుషులకు మూడు రోజులు పట్టింది, ఇరవై రెండు లీటర్ల పాలు పట్టాయి, ఒక స్నేహం తెగినంత పనైంది.

నేను పుట్టింది ధవళేశ్వరం రోడ్డులో ఒక రేకుల షెడ్డులో. దాని యజమాని భద్రం గారు స్టీలు గిన్నెలు చేయిస్తారు. జోగులు రేకు వంచుతాడు, చిల్లులు కొడతాడు. నూకరత్నం గిర్రున తిరిగే చక్రం దగ్గర కూర్చుని మెరుగు పెడుతుంది. పదకొండేళ్ళుగా ఆవిడ పని అదే. ఆవిడ చేతిలో పడితే ఎంత మొద్దు రేకైనా అద్దమైపోవలసిందే. అయితే పాత రకం గిన్నెలు కొనేవాళ్ళు లేక, నేను పుట్టే నాటికి షెడ్డుకు తాళం వేసే రోజులు దగ్గరపడ్డాయి. తాడితోటలో చీరల కొట్టున్న బావమరిది, భద్రం గారి కోసం చీరలు మడతపెట్టే ఉద్యోగం ఒకటి ఖాళీగా ఉంచి మరీ ఎదురుచూస్తున్నాడు.

"మీకు సీరలున్నాయండీ. నాకేవుంది? ఈ సక్రం తప్ప నాకింకో పని రాదు" అంటుండేది నూకరత్నం.

ఒక సోమవారం ఉదయం పెద్ద పాత్రల వ్యాపారి కోటిలింగం గారు ఫోను చేశారు. "గురువారం మా కొత్తింటి గృహప్రవేశం. రెండు జిల్లాల కొట్లవాళ్ళూ వస్తున్నారు. వంటింట్లోకి పనికొచ్చే కొత్త వస్తువేదైనా చేసి పట్రా, భద్రం. అందరి ముందూ వాడి చూపిద్దాం. నచ్చిందా, ఏడాదంతా నీకు పని. లేదా, ఇంక నాకు ఫోను చెయ్యకు."

భద్రం గారు బల్ల చరిచారు. "గృహప్రవేశం అన్నాక పాలు ఎలాగూ పొయ్యి మీద పెడతారు కదా! పాలు పొంగకుండా ఆపే మూత చేసేద్దాం!"

"అబ్బ, ఏం బుర్రండీ మీది!" అన్నాడు జోగులు.

"అవునండోయ్" అంది నూకరత్నం.

ముగ్గురూ తెలుగువాళ్ళే. ముగ్గురూ ఎన్నో గృహప్రవేశాలకు వెళ్ళి సుష్టుగా భోంచేసి వచ్చినవాళ్ళే. ఒక్కరికంటే ఒక్కరికి తట్టలేదు. తొందర అలాంటిది మరి.

అక్కడి నుంచి పాట్లు మొదలయ్యాయి. మూత తిరగేస్తే పళ్ళెం కావాలని, ఎత్తి పట్టుకుంటే జల్లెడ కూడా కావాలని భద్రం గారి కోరిక. నెత్తిన నెమలి ఉండాలని జోగులు పట్టు.

"పాల మీద నెమలేంట్రా?"

"అందానికండీ."

మంగళవారం పొద్దుటంతా వాళ్ళిద్దరికీ మాటల్లేవు. ఏదైనా చెప్పాలంటే నూకరత్నానికి చెప్పేవారు. ఆవిడ దాన్ని నాలుగడుగుల అవతల నిలబడ్డ రెండో మనిషికి చేరవేసేది. ఈలోగా నా అన్నలు పదకొండు మంది తుక్కులో పడ్డారు. ఒకడు పాలతో పాటు తనూ లేచి కిందపడ్డాడు. నెమలి ఉన్నవాడు నెమలి బరువుకు ఒరిగి పాలల్లో మునిగిపోయాడు. మిగిలిన పాలన్నీ టీ అయి వీధిలోకి వెళ్ళాయి. సాయంత్రానికి ఆ వీధి జనం నూకరత్నం చేతిలో గ్లాసులు చూస్తే తలుపులు వేసుకోసాగారు.

బుధవారం ఆవిడ చక్రం ఆపి లేచి వచ్చింది. "నురగని నొక్కెయ్యాలని సూత్తే మీద పడిపోద్దండి. దానికి దారియ్యండి. మజ్జిలోంచి పైకి రానిచ్చి, పక్కల్నించి దింపేద్దాం."

అలా పుట్టాను నేను. నా మధ్యలో పొట్టి గొట్టం, చుట్టూ చిల్లులు. నురగ గొట్టంలోంచి పైకొచ్చి, నా మీద పడి చల్లబడి, చిల్లుల్లోంచి బుద్ధిగా గిన్నెలోకి దిగిపోతుంది. నా వల్ల ఒక్క చుక్క కూడా పొయ్యి మీద పడలేదు. భద్రం గారు "నా మూత" అన్నారు. జోగులు "నా మూత" అన్నాడు. నూకరత్నం మాత్రం నాకు రెండుసార్లు మెరుగు పెట్టింది. ఆవిడంటే నాకు అప్పుడే ప్రాణమైపోయింది.

గురువారం తొమ్మిదీ ఇరవైకి ముహూర్తం. నన్ను తీసుకుని ముగ్గురూ ముందే అక్కడికి చేరుకున్నారు. కోటిలింగం గారి చెల్లెలు పొయ్యి వెలిగించి, పసుపూ కుంకుమా పెట్టిన గిన్నెలో పాలు పోసింది. ఆయన నన్ను అందరికీ చూపించి గిన్నె మీద పెట్టారు. పంతులు గారు మంత్రాలు అందుకున్నారు. ఇల్లంతా గిన్నె వంకే చూస్తోంది. నా జన్మకు ఇంకేం కావాలి? పాలు లేచాయి, దింపాను. మళ్ళీ లేచాయి, మళ్ళీ దింపాను. చప్పట్లు కొడతారనుకున్నాను. ఎవరూ కొట్టలేదు.

"పాలు పొంగవేంట్రా?" అంది కోటిలింగం గారి తల్లి మాణిక్యమ్మ గారు.

"అదేనమ్మా దీని గొప్ప! ఎంతసేపు కాచినా పొంగ..." అంటూ ఆయన మధ్యలోనే నాలుక కరుచుకున్నారు.

"పాలు పొంగితేనే కదయ్యా గృహప్రవేశం!" పంతులు గారు కేకేశారు. "ఇంక నాలుగు నిమిషాలే ఉంది ముహూర్తం!"

"ఎవరిదయ్యా ఈ దిక్కుమాలిన మూత?" అని ఆయనే మళ్ళీ అరిచారు.

నిన్నటి దాకా నాకు ఇద్దరు తండ్రులు. ఆ క్షణాన అనాథనయ్యాను.

"రేకు మట్టుకే నాదండి. చిల్లులు జోగులివి" అన్నారు భద్రం గారు.

"కొట్టమంటే కొట్టానండి. ఆలోసన నాది కాదండి బాబూ" అన్నాడు జోగులు.

"నాదండి" అంది నూకరత్నం. కొంగు చేతికి చుట్టుకుని ముందుకొచ్చి నన్ను లాగేసింది. ఆవిడ వేళ్ళు కాలాయి. తన చక్రం ఇక ఆగిపోయినట్టేనని ఆవిడ అనుకుంటోంది. నాకు ఏడుపొచ్చింది. నా మీది నీటిబొట్లు చూసి అందరూ ఆవిరనుకున్నారు.

పాలు మాత్రం ఇంతసేపటి కసి తీర్చుకున్నట్టు బుస్సున పొంగి పొయ్యిని ఆర్పేశాయి. అందరూ హమ్మయ్య అనుకున్నారు.

మాణిక్యమ్మ గారు నన్ను అటూ ఇటూ తిప్పి చూసింది. "పంతులు గారు అంత గట్టిగా మంత్రాలు చదివినా లొంగలేదే ఇది! అరవయ్యేళ్ళుగా పాలకి కాపలా కాస్తున్నాను. ఎవరు చేశారు?"

"నేనేనండి!" అన్నారు భద్రం గారు, జోగులు, ఒకే గొంతుతో.

"మీరు కాదు నాయనా. ఇందాక నాదన్న అమ్మాయి."

అంతే, చుట్టూ ఉన్న ఆడవాళ్ళందరూ ఒక్కసారే నూకరత్నం మీద పడ్డారు, మాకొకటి, మాకొకటి అంటూ. అందరివీ పొయ్యిలు తుడిచి తుడిచి విసిగిన చేతులే. కోటిలింగం గారు వెయ్యి మూతలు చెప్పారు. ఒక్కో మూత మీదా "గృహప్రవేశానికి వాడరాదు" అని కొట్టి తీరాలన్నారు.

నేను మాణిక్యమ్మ గారి వంటింట్లో చేరాను. పాల దగ్గర ఎవరూ నిలబడే పని లేకుండా నన్ను చేస్తే, ఆవిడ పది రోజులు పీట వేసుకుని నా ఎదురుగా కూర్చుని, పొంగవు కదా, పొంగవు కదా అని చూసింది. పదకొండో రోజుకు నమ్మకం కుదిరి, పాలు పొయ్యి మీద పెట్టి తన చెల్లెలికి ఫోను చేసింది. ఆ మాటల్లో ఒక పెళ్ళి కుదిరింది, ఇంకోటి చెడింది. నేను పాలను దింపుతూనే ఉన్నాను. కాసేపటికి దింపడానికి పాలే లేకుండా పోయాయి. గిన్నె అడుగు బొగ్గయింది. పొంగకుండా చూడమన్నారు, చూశాను. మాడకుండా చూడమని నాకెవరూ చెప్పలేదు కదండీ!

ఆవిడ నన్నూ ఆ గిన్నెనూ సంచిలో పడేసుకుని ఆటోలో నేరుగా షెడ్డుకు వచ్చేసింది. "పాలు మాడకుండా ఆపేది కూడా ఏదో ఒకటి చెయ్యండి. సోమవారానికి కావాలి. మా చెల్లెలొస్తోంది."

భద్రం గారు తల పట్టుకున్నారు. జోగులు ఆయన వంక చూశాడు. నూకరత్నం మాత్రం నన్ను బల్ల మీద పెట్టి, నల్లబడిన నా అంచును వేలితో రుద్ది, పకపకా నవ్వింది.

"మడుసులకి ఏది సేసిచ్చినా ఇంకోటి తక్కువవుతానే ఉంటాదండీ భద్రం గారూ. మన షెడ్డు ఇప్పట్లో మూతపడదు."

అలాంటి మాట ఇంకే మూతా విని ఉండదు.