ముందు వరసలో కుర్చీ

ఈ స్పాంజి ఎవరెవరి ముఖాలు తుడిచిందో, చల్లగా చెంప మీద పాకుతోంది, మేకప్ అమ్మాయి రెండు సీసాలు పట్టుకుని, లేతదా ముదురుదా మేడమ్, మీకు ఏదీ సరిపోవట్లేదు అంటోంది, అవును తల్లీ, పుట్టినప్పటినుంచీ ఊరంతా నా ముఖం మీద పెట్టి చూస్తున్న సీసాలే ఇవి, నాన్న నలుపు, అమ్మ తెలుపు, నేను రెంటికీ చెడ్డ రేవడిని, బళ్ళో తెల్లపిల్లలు నల్లదానా అంటే నల్లపిల్లలు తెల్లదాని కూతురా అనేవాళ్ళు, మేయరు పదవికి నిలబడ్డాక అదే మాట కోటు తొడుక్కుని వచ్చింది, నిన్న సభలో అవతలి అభ్యర్థి నా పోస్టర్లు రెండు ఎత్తి చూపించాడు, నాన్నవాళ్ళ పేటలో అతికించింది ముదురు, తెల్లవాళ్ళ పేటలో అతికించింది లేత, ఇందులో అసలావిడ ఎవరో చెప్పినవాళ్ళకి నా ఓటు అన్నాడు, జనం పడీపడీ నవ్వారు, అచ్చు వేయించింది మా ప్రచార కార్యదర్శే, పేటకో ఛాయ, మామూలేనమ్మా, అందరూ చేసేదే అంటాడు.

ఈయనకి అన్నీ మామూలే, పొద్దున మా ఇంటికొచ్చి కూడా మామూలుగానే చెప్పాడు, టీవీలో మీరు ఎవరి మనిషని అడుగుతారు, నాన్నగారి పేరు చెప్పండి, ఫొటో తెర మీద వేయిస్తాను, పోయినవాళ్ళతో చిక్కు లేదు, అమ్మగారు మాత్రం ముందు వరసలో వద్దు, కెమెరా అటు తిరిగిందంటే నాన్నగారి పేట ఓట్లు పోయినట్టే, పక్కగదిలో అమ్మ ఇస్త్రీ చేస్తున్న చప్పుడు ఆగిపోయింది, అమ్మ, పార్కులో నన్నెత్తుకుని తిరుగుతుంటే ఎవరి పిల్లమ్మా, జీతమెంతిస్తారు అనిపించుకున్న అమ్మ, నా ఉంగరాల జుట్టు దువ్వలేక నాతోపాటు ఏడ్చి, మేనత్త దగ్గర కూర్చుని పాయలు తీయడం నేర్చుకున్న అమ్మ, వదినా, ఇప్పుడు నువ్వు మా ఇంటిదానివయ్యావే అని అత్త వేళాకోళమాడితే వారం రోజులు మురిసిపోయిన అమ్మ, మధ్యాహ్నం ఫోన్ చేసి, నీలం గౌను ఇస్త్రీ అయితే చేశాను గానీ మోకాలు సలుపుతోందే, రానులే, ఇక్కడే చూస్తాను అంది, మొన్న సభకి నాకంటే ముందు మెట్లెక్కిన మోకాలు.

లైట్లు కళ్ళల్లో పడుతున్నాయి, ఏ సీసా వేసిందో ఆ అమ్మాయి, చర్చ నడిపే పెద్దమనిషి నవ్వుతూ, సూటిగా అడుగుతున్నానండీ, ఇంతకీ మీరు ఎవరి మనిషి అంటున్నాడు, తెర మీద నాన్న, ముందు వరసలో అమ్మకని ఉంచిన కుర్చీలో కార్యదర్శి కోటు, చెప్పమ్మా చెప్పు అని అతను కళ్ళతో తొందరపెడుతున్నాడు, రానులే అని అమ్మ అన్నప్పుడు నేనేమన్నాను, సరేలేమ్మా, పడుకో అన్నాను, ఆ మాట తన నోట్లో ఉండగానే అన్నాను, హమ్మయ్య అనుకున్నాను కూడా, బడీ పార్కూ పోస్టర్లూ అన్నీ కలిసి ఇన్నాళ్ళూ నన్ను రెండు ముక్కలు చేయలేకపోయాయి, ఆ ఒక్క సరేతో నా చేతులారా నేనే చేసుకున్నాను, ఇప్పుడు ఎవరి పేరు చెప్పినా ఇంట్లో టీవీ ముందు కూర్చున్న అమ్మకి నిజం తెలుసు.