వడియాల పక్కన ఆరిన నక్షత్రాలు

పెద్ద నక్షత్రం పేలితే ఆ తాకిడికి పక్కనున్న ధూళి మేఘం నొక్కుకుపోయి కొత్త నక్షత్రాలు పుడతాయని మా ఆయన కామేశ్వరరావు వాదన. పుట్టడమేమిటి, ఉన్న మేఘమే చెదిరిపోతుందని ఆయన గైడు శ్రీనివాసరావు గారి వాదన. ఇది తేలితేగాని మా ఆయనకి డాక్టరేటు రాదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుండేది నాకు.

1978లో హైదరాబాదు శివార్లలో, కొండాపూర్‌లో అద్దెకుండేవాళ్ళం. దీపాల్లేని ఊరు, చీకటి బాగుంటుందని ఆయనే ఏరికోరి కాపురం పెట్టారు. కాకినాడలో పెరిగినదాన్ని, నాకు దక్కింది బండలూ చీకటీ.

ఆ మాఘంలో డాబా మీద కెమెరా బిగించి, మృగవ్యాధ నక్షత్రం దగ్గరున్న ఒక పాత పేలుడు తాలూకు శిథిలాన్ని గాజు పలక మీద ఫొటో తీశారు. కడిగిన పలకను వరండాలో నీడన ఆరబెట్టారు. పక్కనే ఎండలో నా గుమ్మడి వడియాలు. పాత చీర చింపి సగం వాటికి, సగం పలకకి కప్పాం.

"అమ్మా, క్వారీల బండ పేలుస్తున్నరు, జర కప్పుకోండ్రి" అని ఇంటి యజమానురాలు చంద్రమ్మ చెప్పిపోయింది. కప్పే ఉన్నాయి కదా అనుకున్నాం.

పలక ఆరాక చూస్తే శిథిలం అంచు వెంట మసక మసకగా నల్లచుక్కలు. ఫొటో పలక మీద నక్షత్రం నల్లగానే పడుతుందట. పాత పటాల్లో ఇవి లేవు, తను చెప్పిన కొత్త నక్షత్రాలు ఇవేనన్నారు. ఆయన పటం గీసి గైడు గారికి పంపారు, సెమినారుకి తేదీ పడింది. ఆయన ముఖం చూసి నాకూ సంతోషమేసింది, దాచడమెందుకు.

సెమినారు ముందురోజు పప్పులోకి వడియాలు వేయించాను. ఆయన ఒకటి కొరికి ఆగిపోయారు. నోట్లోంచి రాతి నలుసు తీసి వేలి మీద పెట్టుకుని చూశారు.

"పుణ్యవతీ, క్వారీ రజను చీరలోంచి దిగింది" అన్నారు నాతో.

అన్నం వదిలేసి, పలక తెచ్చి చుక్కల్ని గోటితో తడిమారు. తడి మీద పడిన రజను ఆరాక అతుక్కుపోయి గోటికి తగులుతోంది. అంచు అవతల కూడా ఉన్నాయి, ఇన్నాళ్ళూ ఆయన అటు చూడనేలేదు. ఒక్కో నక్షత్రమూ రాయైపోతుంటే, ఎవరికి తెలుస్తుంది, ఊరుకోమన్నాను. ఆయన వినలేదు. చివరికి ఒక చుక్క గోటికి తగల్లేదు. తన గోరు మొహమాటపడుతోందేమోనని నన్నూ గీకి చూడమన్నారు. నాకూ తగల్లేదు, అది ఫొటోలో పడిన చుక్కే.

మర్నాడు ఆ ఒక్కదాన్నే పట్టుకెళ్ళారు. డాక్టరేటు మళ్ళీ మాఘం దాకా వెనక్కి పోయింది. శ్రీనివాసరావు గారు పటం ముందుపెట్టుకుని, "మిగతావేవయ్యా?" అని అడిగారట.

"అవి మా ఊరి క్వారీవండీ" అన్నారట మా ఆయన.