చెల్లికి తీసుకెళ్లిన డబ్బా

మా చెల్లికి శుభ్రం పిచ్చి. చిన్నప్పుడు నేను తాగిన గ్లాసును మళ్లీ తోముకుంటే గానీ నోట పెట్టేది కాదు. పెద్దయ్యి దర్జీగా పేరు తెచ్చుకున్నాక కూడా తన కత్తెర నన్ను ముట్టుకోనిచ్చేది కాదు. నాకు ఒళ్లు మండేది.

పంటివాపుకి యాంటీబయాటిక్ మాత్రలు వాడింది. పన్ను బాగుపడింది, పేగులు పాడయ్యాయి. ఆగని విరేచనాలతో ఆసుపత్రిలో చేరింది. మందులకు తగ్గినట్టే తగ్గి మళ్లీ మొదటికొచ్చేది. డాక్టరమ్మ చెప్పిన సంగతి, బస్సు కండక్టర్ని కదా, నా పద్ధతిలో దానికి చెప్పాను.

"మన పేగులు నిండు బస్సులాంటివే. ఎప్పట్నుంచో మనతో ఉన్న మంచి సూక్ష్మజీవులు సీట్లన్నీ పట్టుకుని, తిండంతా తామే తింటూ, చెడ్డవాటిని ఎక్కనివ్వవు. నీ మాత్రలు వాటినే దించేశాయి. ఖాళీ చూసి రౌడీ క్రిమి ఎక్కి కూర్చుంది."

"అయితే?"

"నా బస్సు నిండుగా ఉందట. పరీక్షలన్నీ చేశారు. నా మలంలోంచి ఆ మంచివాటిని తీసి నీ పేగుల్లోకి పంపుతారు."

మొహం గోడవైపు తిప్పుకుంది. "చావనైనా చస్తాను గానీ ఆ పని చేయించుకోను."

బతిమాలాను, తిట్టాను, డాక్టరమ్మ చేత చెప్పించాను. ససేమిరా అంది. రోజులు గడుస్తున్నాయి, దాని కడుపు ఉబ్బుతోంది. దాని ముందు ఏడవలేక మెట్ల దగ్గరికి పోయి ఏడ్చేదాన్ని.

నిన్న సాయంత్రం నా చెయ్యి పట్టుకుంది.

"నీ గ్లాసులో నీళ్లు తాగలేదని బాగానే కక్ష తీర్చుకుంటున్నావే అక్కా. సరే, రేపు తీసుకురా."

ఇద్దరం నవ్వుకున్నాం.

పొద్దున్నే ఆసుపత్రివాళ్లిచ్చిన డబ్బాకి మూత బిగించి, బస్సులో రెండు చేతులతో ఒళ్లో పొదువుకుని కూర్చున్నాను. సంచి అడుగున ఫోను మోగినా తీయలేదు.

వెళ్లేసరికి మంచం మీద దుప్పటి కూడా లేదు. తెల్లవారుతుండగా బీపీ పడిపోయిందని, ఇక లేవలేదని నర్సు చెప్పింది. డబ్బా చూసి తల దించుకుంది. నాలుగు రోజుల ముందు ఊ అనుంటే బతికేదేమో. ఈ కోపం ఇప్పుడెవరి మీద చూపించను?

చెల్లి తనకోసం కుట్టుకున్న కొత్త బట్టలు తెమ్మని దాని మొగుడు నన్ను వాళ్లింటికి పంపాడు. డబ్బా చేతిలోనే ఉంది. దారిలో చెత్తకుండీ కనిపించినా పారేయడానికి చేయి రాలేదు. మళ్లీ అదే బస్సెక్కాను. నా తోటి కండక్టరు పక్కన నిలబడింది.

"ఏంటక్కా, అంత జాగ్రత్తగా పట్టుకున్నావు? ఎవరిదది?"

"మా చెల్లిది," అన్నాను.