జానెడు తీగ

పెద్ద మెకానిక్కుకు అనుమానం పట్టిందంటే జలుబు లాంటిది కాదు, మందుకు తగ్గదు. ఈసారి అది పోయి పోయి సొంత తోడల్లుడి మీద పడింది. అక్కాచెల్లెళ్ళను చేసుకున్న ఆ ఇద్దరూ ఒకే ఇంట్లో కింద ఒకరు, పైన ఒకరు ఉంటారు. రేవు పక్కన ఒకే దుకాణం పెట్టుకుని పడవల వైర్‌లెస్‌లకు ఏరియళ్ళు కడతారు.

ఆ ఉదయం ఒక పడవ మీద, తన చేతులతో కట్టిన ఏరియల్ చివర, జానెడు కొత్త తీగ కనిపించింది. అతుకు ఇంకా తళతళలాడుతోంది. ఏరియల్ ఇష్టమొచ్చినంత పొడవు పెట్టుకునేది కాదు కదా! మీటరు తగిలించి ఫ్రీక్వెన్సీ పెంచుకుంటూ పోతే, పొడవు సరిపోయిన తీగకు పడవ మాట్లాడే ఫ్రీక్వెన్సీ దగ్గరే ముల్లు టపీమని కిందికి పడుతుంది. తప్పితే నడిసముద్రంలో గొంతు చించుకున్నా రేవుకు వినపడదు. పెద్దాయన మీటరు తగిలించాడు. కిందటేడు కింద పడ్డప్పటి నుంచి దాని క్లిప్పు వదులు, బొటనవేలితో అదిమిపట్టి చూడటం ఆయనకు అలవాటైపోయింది. ముల్లు పడాల్సిన చోట పడలేదు, బాగా ముందే పడిపోయింది.

పళ్ళు నూరుకుంటూ పక్క పడవ చూశాడు. అక్కడా జానెడు అతుకే. దాని పక్కదానికీ అంతే! సాయంత్రాలు ‘కాస్త గాలికి తిరిగొస్తా’ అంటూ తోడల్లుడు రేవుకు వస్తున్నది ఇందుకన్నమాట. తన పేరు చెడగొట్టి దుకాణం చేజిక్కించుకోవడానికి! పొద్దున నవ్వుతూ టీ అందించిన చెయ్యి కూడా ఇప్పుడు దొంగచెయ్యిలాగే తోచింది.

ఇంటికొచ్చి వాకిట్లోనే ఒంటికాలి మీద లేచాడు.

“తీగలు అతికింది నువ్వేనా?”

చిన్న మెకానిక్కు నీళ్ళు నమిలాడు. “నేనే అన్నయ్యా. నీకు చెబుదామంటే...”

“ఇంకేం చెబుతావురా! పక్కలో బల్లెంలా తయారయ్యావు కదా!”

“ఏమండీ, అతన్ని చెప్పనివ్వండి,” అంది భార్య.

“నువ్వుండవే! ఒరేయ్, రేపటి నుంచి దుకాణం గుమ్మం తొక్కావంటే ఊరుకోను.”

ఎంత మాట! చిన్నవాడు దుకాణం తాళంచెవి అరుగు మీద పెట్టి మేడెక్కాడు. కాసేపటికి పైన పెట్టెలు జరిపే చప్పుడు మొదలైంది. అక్కాచెల్లెళ్ళిద్దరూ మెట్ల దగ్గర ఏడుస్తుంటే, పెద్దాయన ముఖం తిప్పుకుని మళ్ళీ రేవుకు పోయాడు.

మొదటి పడవ ఏరియల్ దించి, ఆ జానెడు ముక్క కత్తిరించి, మళ్ళీ ఎత్తి కట్టాడు. క్లిప్పు మీద బొటనవేలు అదిమాడు. ముల్లు సరిగ్గా పడాల్సిన చోటే పడింది. “చూశావా మరి!” అన్నాడు, అక్కడెవరూ లేకపోయినా. అంతలో పెద్ద తుమ్ము వచ్చి వేలు జారింది. క్లిప్పు ఊడలేదు, కానీ ముల్లు కదిలిపోయింది. వేలు పెట్టాడు, ముల్లు దిగింది. తీశాడు, పోయింది. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ తీశాడు.

ఇన్నాళ్ళూ ఆయన కొలిచింది తీగ ఒక్కదాన్నే కాదు, వేలు తగిలినంతసేపూ తీగకు పొడుగులా కలిసిపోయిన తన ఒంటినీ. ఆ లెక్కన ప్రతి తీగనూ పొట్టిగా కోశాడు. పడవలేమో ఆయన వేలు లేకుండానే సముద్రంలోకి పోయాయి. ఏరియల్ దించి, ఆ ముక్కను మళ్ళీ చివర మెలిపెట్టి, ఎత్తి కట్టి, వేలు దూరంగా పెట్టి చూశాడు. ముల్లు అక్షరాలా ఎక్కడ పడాలో అక్కడ పడింది.

అప్పుడు గుర్తొచ్చింది. ఒకనాడు చిన్నవాడు, “వేలు తీసి చూడు అన్నయ్యా,” అన్నాడు. “నాకే నేర్పుతావా?” అని తను వారం రోజులు ముఖం మాడ్చుకున్నాడు. ఛీ, ఏం బతుకు నాది అనుకున్నాడు.

ఒగర్చుకుంటూ పరిగెత్తాడు. వాకిట్లో వ్యాను ఆగి ఉంది. చిన్నవాడు ఆఖరి పెట్టె ఎత్తుతున్నాడు. పెద్దాయన పోయి దాని పిడి పట్టేసుకున్నాడు.

“చెయ్యి తియ్యి అన్నయ్యా,” అన్నాడు చిన్నవాడు, ముఖం చూడకుండా.

“మీటరు మీద తీసి చూశానురా,” అన్నాడు పెద్దాయన. “దీని మీద మాత్రం తియ్యను.”