నీటిపురుగు మోసిన గుడ్లు, నేను మోసిన గుడ్డు

అన్యాయం జరిగింది ఎవరికి? నాకు. ఏ విధంగా? 1956లో, రాయపూర్‌లోని ఒక కాన్వెంటులో, సరైన జవాబు రాసినందుకు నాకు సున్నా వేశారు. వేసినవారు సైన్సు మాస్టారు జ్ఞానప్రకాశం గారు.

డాఫ్నియా అనేది నిలవనీటిలో గెంతుతూ ఈదే ఆవగింజంత పురుగు. తన గుడ్లను వీపు మీది సంచిలో మోస్తుంది. దాని మీద పది మార్కుల ప్రశ్న వచ్చింది. "గుడ్లు మోసే డాఫ్నియా బరువు వల్ల నెమ్మదిగా పైకి లేస్తుంది" అని రాశాను. మేముండే గుఢియారీలో, మా పెరటి తొట్టిలో కళ్లారా చూసి మరీ రాశాను. మాస్టారు "మాతృత్వం బలాన్నే ఇచ్చును" అని ఎర్రసిరాతో రాసి, పక్కన కోడిగుడ్డంత సున్నా చుట్టారు. అంతటితో ఊరుకోలేదు.

"గుడ్ల మీద రాసింది, గుడ్డే పెట్టాను!" అని తరగతిలో చాటారు.

సున్నాను తెలుగువారు గుడ్డు అంటారు, హిందీవారు అండా అంటారు. కనుక నవ్వడానికి ఎవరికీ అనువాదం అవసరం కాలేదు. ఆనాటి నుంచి నేను అండా రూతమ్మను. నర్సునై ముప్పై ఆరేళ్లు సూదులు పొడిచాను. పొడిపించుకున్నవారు సైతం "అండా సిస్టర్" అనే మూలిగారు.

ఆ జవాబు పత్రాన్ని నా బాప్తిస్మ పత్రం కింద భద్రపరిచాను. 1999లో ఒక ఆదివారం, ఆరాధన ముగిసిన వెంటనే, దానిని తీసుకొని మోవాలోని మాస్టారి ఇంటికి వెళ్లాను. వెంట రెండు పొడవాటి గాజు గొట్టాలు, టార్చిలైటు, భూతద్దం, సీసాడు తొట్టినీళ్లు ఉన్నాయి.

"ఏంటి రూతూ, దోమల్ని పట్టుకొచ్చావా?" అన్నారు మాస్టారి భార్య దీనమ్మ గారు.

"సాక్షులను తెచ్చానండీ."

మాస్టారు కాగితం చూసి నోరు తెరిచారు. "నలభై మూడేళ్లు దాచావటే! మా పెళ్లి శుభలేఖ కూడా ఇన్నాళ్లు మిగల్లేదు."

"దాన్ని చెదలు తిన్నాయి. దీన్ని ముట్టుకోడానికి వాటికి హిమ్మత్ చాల్లేదు," అన్నారు దీనమ్మ గారు.

"పందెం పెడదాం మాస్టారూ. నేను గెలిస్తే నా పది మార్కులు నాకివ్వండి. ఓడితే ఈ కాగితం మీ ఎదుటే చింపి, నా సమాధి మీద అండా రూతమ్మ అని చెక్కించుకుంటాను."

ఒక గొట్టంలో గుడ్లున్న డాఫ్నియాను, రెండవదానిలో అంతే పరిమాణం గల ఖాళీ డాఫ్నియాను వదిలాను. వెలుగు ఉన్నవైపు ఈదడం వాటి స్వభావం. పైనుంచి టార్చి వేశాను. ఖాళీది చకచకా పైకి చేరింది. గుడ్లది ఒక గెంతు ఎక్కి అరగెంతు జారింది.

"అయ్యో తల్లీ! మా మూడోవాడు కడుపులో ఉండగా స్టేషను మెట్లెక్కినప్పుడు నేనూ ఇంతే," అన్నారు దీనమ్మ గారు.

"ఒక్కసారితో తేలదు. టీ తాగి మళ్లీ చూద్దాం," అన్నారు మాస్టారు.

టీ ముగిసింది. మళ్లీ టార్చి వేశాను. ఈసారి గుడ్లదే ముందు చేరింది!

"జీత్ గయీ! చూశావా మాతృత్వం!" మాస్టారు డెబ్బై రెండేళ్ల వయసులో కుర్చీలోంచి ఎగిరారు.

మాట మాటే. నేను కాగితాన్ని చింపడానికి రెండు చేతులా పట్టుకున్నాను.

"ఠహరో, చింపకు!" దీనమ్మ గారు భూతద్దంతో గొట్టం మీదికి వంగారు. "దీని వీపు ఖాళీ. అడుగున నలకల్లా గెంతుతున్నాయే, అవేంటి? ఏవండీ, మనం టీ తాగేలోపు దీనికి పురుడైపోయింది!"

అదే పురుగు. మోసినప్పుడు ఓడింది, దించుకున్నాక గెలిచింది.

"మూడోసారి..." అని మాస్టారు గొణిగారు.

"పచ్చి బాలింతను పరిగెత్తిస్తారా? ఆరుగురిని మోశాను, ఒక్కనాడైనా గెంతడం చూశారా? ఎర్రపెన్ను తియ్యండి!"

మాస్టారు పెన్ను తీసి సున్నాను కొట్టివేయబోయారు.

"కొట్టివేతలు చెల్లవని మీరే చెప్పేవారు," అన్నాను.

ఆయన గుడ్డును ముట్టుకోకుండా, దాని ముందు నిటారుగా ఒకటి వేసి, తేదీతో సంతకం చేశారు.

పదికి పది.